జులైలో ఒంటరిగా దక్షిణ, పశ్చిమ యూరప్: ఎండను బట్టి దారి వేసుకోండి

మీ ప్రశ్న చదివాను. విజయవాడ నుంచి మొదటిసారి ఒంటరిగా బయలుదేరుతున్నారు. జులైలో 24 రోజులు. లిస్బన్‌తో మొదలుపెట్టి సెవిల్, గ్రనడా, మాడ్రిడ్, బార్సిలోనా, నీస్, ఫ్లోరెన్స్, రోమ్, వెనిస్ చూసుకుని పారిస్‌లో ముగించాలని అనుకున్నారు. శాకాహారం, గుడ్డు ఫర్వాలేదు అన్నారు. ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి ఇంట్లో భయపడుతున్నారని, ఈ ప్లాన్ సరైనదేనా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీరు ఒంటరిగా వెళ్ళడంలో ఇబ్బంది లేదు. జులైలో ఆ ఊళ్ళన్నీ తిరగడంలోనే ఉంది. నేను చాలా ఏళ్ళుగా ఫ్రాన్సులో ఉంటున్నాను. వేసవి సెలవుల్లో ఈ దేశాల్లో ఎక్కువగా ఒంటరిగానే తిరుగుతాను. నా సలహా ఒకటే: ఈ ప్లాన్ పక్కన పెట్టి, లిస్బన్ నుంచి పారిస్ దాకా అట్లాంటిక్ తీరం వెంబడే రండి. ఇటలీని, స్పెయిన్ దక్షిణ భాగాన్ని అక్టోబరుకో మార్చికో వదిలేయండి. ఎందుకో చెబుతాను.

మనవాళ్ళకు ఎండ సంగతి చెబితే, రెంటచింతల ఎండ చూసినవాళ్ళం, మాకిదేం లెక్క అంటారు. కానీ మే నెలలో మధ్యాహ్నం మనం రెంటచింతల వీధుల్లో తిరగం కదా. తలుపులు వేసుకుని, ఫ్యాను కిందో ఏసీ కిందో పడుకుంటాం. సెవిల్‌కు వెళ్ళిన పర్యాటకులు అదే 42 డిగ్రీల్లో వీపున సంచి వేసుకుని, రాళ్ళు పరిచిన వీధుల్లో గంటల తరబడి నడుస్తారు. తిరిగి వచ్చేసరికి గదిలో సీలింగు ఫ్యాను కూడా ఉండదు. చౌక వసతుల్లో ఏసీ ఉంటుందన్న నమ్మకం లేదు. పారిస్‌లోనైతే చౌక గదులు చాలావరకు పై అంతస్తుల్లో, జింకు రేకుల కప్పు కింద ఉంటాయి. 2019 జులై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదయ్యాయి. అలాంటి రోజున ఆ గదుల్లో నిద్ర పట్టదు. 2003 ఆగస్టు వడగాలులకు ఒక్క ఫ్రాన్సులోనే సుమారు 15,000 మంది చనిపోయారు. 2021 ఆగస్టు 11న సిసిలీలో 48.8 డిగ్రీలు నమోదై యూరప్ రికార్డుగా నిలిచింది. దక్షిణాన ఎండ ప్రాణాల మీదకు తెచ్చే విషయం. ఒంటరిగా ఉన్నప్పుడు కళ్ళు తిరిగి పడిపోతే మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు పక్కన ఉండరు. నా భయమంతా అదే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. స్పెయిన్ చాలావరకు లండన్‌కు పడమరగా ఉన్నా, 1940 నుంచి బెర్లిన్ సమయాన్ని పాటిస్తోంది. వేసవిలో గడియారాన్ని మరో గంట ముందుకు జరుపుతారు. అందుకని జులైలో మాడ్రిడ్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండింటికి కాదు, సుమారు 2:15కు. ఎండ ముదిరేది సాయంత్రం ఐదూ ఆరు గంటల మధ్య. ఐదయింది, చల్లబడి ఉంటుందిలే అని బయలుదేరే మన అలవాటు అక్కడ నిలువునా ముంచుతుంది. సెవిల్ పాత బజారులో జులై సాయంత్రం ఐదింటికి నిలబడి చూడండి. వీధికి అడ్డంగా, మేడల మధ్య తెల్లని గుడ్డ పందిళ్ళు కట్టి ఉంటాయి. వాటి కింద మనిషి కనిపించడు. కిటికీలకు చెక్క తలుపులు దించేసి ఉంటాయి. రాత్రి పదింటికి అదే వీధిలోకి పిల్లలు, ముసలివాళ్ళు, తోపుడుబండ్లలో పసికందులు అందరూ వచ్చేస్తారు. ఊరివాళ్ళ రోజు అప్పుడు మొదలవుతుంది. పర్యాటకులు మాత్రం వాళ్ళు పడుకున్న వేళ తిరిగి, వాళ్ళు లేచే వేళకు సొమ్మసిల్లి పడుకుంటారు.

ఇప్పుడు దారి సంగతి. జులైలో సెవిల్‌లో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 36 డిగ్రీలు. పోర్చుగల్‌లోని లిస్బన్‌లో 28, పోర్టోలోనూ వాయవ్య స్పెయిన్‌లోని సాంటియాగోలోనూ 25 దగ్గర, ఉత్తర స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్‌లో ఇంకా తక్కువ. ఒకే ద్వీపకల్పం, ఒకే నెల, ఇంత తేడా. కారణం అట్లాంటిక్ గాలి. కాబట్టి నేను చెప్పే మజిలీలు ఇవి: లిస్బన్, పోర్టో, సాంటియాగో, ఒవియేడో లేదా హిహోన్, సాన్ సెబాస్టియన్, ఆ తర్వాత ఫ్రాన్సులో బోర్డో, లా రొషెల్, పారిస్. ఎనిమిదీ ఎక్కువనిపిస్తే బోర్డో నుంచి నేరుగా పారిస్ వెళ్ళండి, రైలులో రెండు గంటల పైచిలుకే. ఒక్కో ఊళ్ళో మూడు రాత్రులకు తగ్గకండి. ఒంటరి ప్రయాణంలో సామాను సర్దడం, స్టేషను వెతకడం, కొత్త గది తాళం తీసుకోవడం అన్నీ మీరే చేసుకోవాలి. రెండు రోజులకో ఊరు మారితే పదోరోజుకు ఓపిక అయిపోతుంది.

లిస్బన్ నుంచి పోర్టోకు వేగపు రైలులో మూడు గంటలు. ముందుగా కొంటే టికెట్టు బాగా తగ్గుతుంది. పోర్టో నుంచి స్పెయిన్‌లోని వీగోకు సెల్టా అనే రైలు రోజుకు రెండుసార్లు వెళ్తుంది. ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి. స్పెయిన్ సమయం పోర్చుగల్ కంటే గంట ముందు. రెండోది, ఆ రైలు వీగోలో గిషార్ స్టేషనుకు చేరుతుంది. సాంటియాగో వెళ్ళే వేగపు రైళ్ళు ఉర్సాయిస్ అనే మరో స్టేషనులో బయలుదేరతాయి. మధ్యలో ఎత్తెక్కుతూ కాస్త దూరం నడవాలి. మారే రైలుకు కనీసం గంట తేడా ఉంచుకోండి.

ఇక్కడే మీకో మంచి అవకాశం ఉంది. ఒంటరి ప్రయాణంలో తోడు దొరకాలని మనసులో ఉంటే, సెల్టా రైలు సరిహద్దు ఊరు వలెన్సాలో ఆగుతుంది, అక్కడ దిగేయండి. మిన్యో నది మీద 1886 నాటి ఇనుప వంతెన దాటితే స్పెయిన్ ఊరు తుయీ. అక్కడి నుంచి సాంటియాగో చర్చికి సుమారు 115 కిలోమీటర్ల యాత్రికుల కాలిబాట ఉంది. అయిదారు రోజుల నడక. కనీసం 100 కిలోమీటర్లు నడిచి, యాత్రికుల పాస్‌బుక్కులో దారి పొడవునా ముద్రలు వేయించుకున్నవారికి సాంటియాగోలో ధ్రువపత్రం ఇస్తారు. ఏటా దాదాపు అయిదు లక్షల మంది దాన్ని అందుకుంటున్నారు. క్రైస్తవులే కానక్కర్లేదు. అన్ని మతాలవాళ్ళూ, ఏ మతమూ లేనివాళ్ళూ నడుస్తారు. ఒంటరి ఆడవాళ్ళు కూడా చాలామంది. సాంటియాగో ఉన్న గలీసియా ప్రాంతంలోని ప్రభుత్వ సత్రాల్లో ముందస్తు బుకింగు ఉండదు, ముందు వచ్చినవారికి ముందు మంచం. పొద్దున ఆరింటికి నడక మొదలుపెడితే మధ్యాహ్నానికి మంచం దొరుకుతుంది, ఎండా తగలదు. సాయంత్రం సత్రం వంటగదిలో ఒకరు నూడుల్స్ ఉడికిస్తుంటే ఇంకొకరు టమాటాలు కోస్తుంటారు. కొరియా నుంచి వచ్చిన పెద్దావిడ మీ పాదం పట్టుకుని బొబ్బకు ప్లాస్టరు వేసి, అది ఎలా వేయాలో కూడా చేసి చూపిస్తుంది. ఒంటరితనం గురించి బెంగ ఉన్న ఎవరికైనా నేను ముందుగా చెప్పేది ఈ దారే. ఒక్క మాట: జులై 25 అక్కడ యేసు శిష్యుడు యాకోబు పండగ. ఆ రోజులకు గది చాలా ముందే తీసుకోవాలి. ఆ పండగ ఆదివారం వచ్చే 2027 పవిత్ర సంవత్సరం కాబట్టి రద్దీ ఇంకా పెరుగుతుంది.

సాంటియాగో నుంచి తూర్పుకు బస్సులే నయం. ఉత్తర తీరం పొడవునా ఒక చిన్న గేజి రైలు కూడా ఉంది. సాంటియాగోకు ఉత్తరాన ఉన్న ఫెర్రోల్ నుంచి ఒవియేడోకు అందులో దాదాపు రోజంతా పడుతుంది. తొందర లేకపోతే ఎక్కండి, ఒక పక్క సముద్రం, ఒక పక్క పచ్చని కొండలు. సాన్ సెబాస్టియన్ విషయంలో మాత్రం తేదీలు చూసుకోండి. జులై 6 నుంచి 14 వరకు పాంప్లోనాలో ఎడ్ల పరుగుల ఉత్సవం. చుట్టుపక్కల ఊళ్ళన్నిటా గదుల ధరలు మండిపోతాయి. నెల మొదటి భాగం పోర్చుగల్‌లో, గలీసియాలో గడిపి, 15 తర్వాత ఇటు వస్తే సరిపోతుంది. అక్కడి నుంచి ఫ్రాన్సులోకి వెళ్ళడం చాలా తేలిక. టోపో అని పిలిచే లోకల్ రైలు ఎక్కితే ముప్పావు గంట లోపే ఆందాయ్‌లో, ఫ్రెంచి రైల్వేస్టేషను పక్కనే దింపుతుంది. పాస్‌పోర్టు చేతికందేలా ఉంచుకోండి. షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి) లోపలే అయినా 2015 నుంచి ఫ్రాన్సు సరిహద్దు తనిఖీలు చేస్తోంది, ఆ స్టేషనులో పోలీసులు అడగడం మామూలే.

ఈ తీరం గురించి ఒక హెచ్చరిక. ఈత రాకపోతే, వచ్చినా సరే, ఫ్రాన్సు అట్లాంటిక్ తీరంలో కాపలా లేని చోట నీళ్ళలోకి దిగకండి. బోర్డోకు పడమరన ఉన్న తీరంలోనూ, అక్కడి నుంచి దక్షిణాన కూడా ఇసుక గట్ల వెనుక బెయిన్ అనే మడుగులు ఏర్పడతాయి. చూడటానికి అల లేకుండా, మోకాలి లోతులో, పిల్లలు ఆడుకునే కుంటలా ఉంటాయి. ఆటుపోటు మారేటప్పుడు ఆ నీరంతా ఒకే సందులోంచి సముద్రంలోకి లాక్కుపోతుంది, మనుషులతో సహా. ఎరుపు, పసుపు రంగుల జెండాల మధ్యే ఉండండి. నీరు లాగితే ఎదురీదకండి. తేలుతూ చెయ్యెత్తి పిలవండి.

కార్చిచ్చుల సంగతీ తెలుసుకోవాలి. 2025 ఆగస్టులో గలీసియా, పోర్చుగల్ అడవులు తగలబడి మాడ్రిడ్ నుంచి గలీసియా వెళ్ళే రైళ్ళు కొన్ని రోజులు ఆగిపోయాయి. అందుకే వాపసు వీలుండే గదులే తీసుకోండి, ప్రయాణంలో ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి.

ఇక ఇంట్లోవాళ్ళ భయం. మీ అమ్మానాన్నలకు చెప్పవలసిన మొదటి సంగతి, జులైలో ఉత్తర స్పెయిన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది. అర్ధరాత్రి వరకు కుటుంబాలు వీధుల్లోనే ఉంటాయి. ఊరి మధ్యలో, స్టేషనుకు నడిచి వెళ్ళేంత దూరంలో బస తీసుకోండి. చౌకగా ఉందని శివార్లలో గది తీసుకుంటే, ఆదా చేసిన డబ్బు చీకటిపడ్డాక టాక్సీకి పెట్టాలి, పైగా భయం అదనం. హాస్టళ్ళలో ఆడవాళ్ళకు మాత్రమే ఉండే గదులు చాలాచోట్ల దొరుకుతాయి. స్పెయిన్ ఊరి పండగల్లో ఊదారంగు బోర్డుతో ఒక టెంటు కనిపిస్తుంది. ఎవరైనా వేధిస్తే ఆడవాళ్ళు నేరుగా వెళ్ళి సాయం అడగడానికే దాన్ని పెడతారు, మొహమాటపడకండి. యూరోపియన్ యూనియన్ అంతటా అత్యవసర నంబరు 112.

నిజానికి మీకు ఎదురయ్యే అవకాశం ఎక్కువగా ఉన్నది దౌర్జన్యం కాదు, జేబుదొంగతనం. లిస్బన్‌లో 28 నంబరు ట్రాము, పారిస్ మెట్రో ఒకటో లైను, విమానాశ్రయం నుంచి వచ్చే ఆర్‌ఈఆర్ బి రైలు ఇందుకు పేరుమోసినవి. వాళ్ళ పనితనం ఎలా ఉంటుందంటే, మీరు రోడ్డుపక్క కాఫీ తాగుతుంటారు, ఫోను బల్ల మీద ఉంటుంది. ఒక అమ్మాయి సంతకాలు కావాలంటూ కాగితాల అట్ట తెచ్చి సరిగ్గా ఆ ఫోను మీదే పెడుతుంది. ఆ కాగితంలో ఏముందో మీరు చదువుతుండగానే అట్ట కింద నుంచి ఫోను వెళ్ళిపోతుంది. బల్ల మీద ఫోను పెట్టకపోవడం ఒక్కటే దీనికి మందు. పారిస్‌లో సాక్రెకర్ చర్చి మెట్ల దగ్గర చేతికి దారం కట్టడానికి వస్తారు. చేతులు జేబులో పెట్టుకుని, ఆగకుండా, బదులివ్వకుండా నడిచిపోండి. మర్యాద కోసం ఆగి నవ్వడమే మన అమ్మాయిలను ఇబ్బందుల్లోకి నెడుతుంది.

రెండు కార్డులు రెండు వేర్వేరు చోట్ల ఉంచండి. మన బ్యాంకు కార్డులకు విదేశీ లావాదేవీలు మామూలుగా మూసే ఉంటాయి. బయలుదేరే ముందే యాప్‌లో తెరిచి, ఓటీపీ కోసం భారత్ సిమ్ రోమింగులో పనిచేసేలా చూసుకోండి. ఏటీఎం మీ డబ్బును రూపాయల్లో లెక్కకట్టి చూపిస్తే వద్దని చెప్పి యూరోల్లోనే తీసుకోండి, లేకపోతే మారకంలో బాగా నష్టపోతారు. లిస్బన్‌లో కొన్న సిమ్ స్పెయిన్, ఫ్రాన్సుల్లో కూడా పనిచేస్తుంది. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు, ఆ కాపీతో లిస్బన్, మాడ్రిడ్, పారిస్‌లలో దగ్గరున్న మన రాయబార కార్యాలయానికి. ఇంటికి తిరిగి రావడానికి అత్యవసర పత్రం వాళ్ళిస్తారు.

తిండి గురించి నిజం చెప్పాలి, ఈ తీరంలో శాకాహారులకు ఇటలీ అంత సులువు కాదు. గలీసియాలో ఆకుకూరల సూపు పూర్తి శాకాహారంలా కనిపిస్తుంది, దాన్ని పంది కొవ్వుతో కాస్తారు. పోర్చుగల్ ఆకుపచ్చ సూపులో సాసేజి ముక్క వేస్తారు. స్పెయిన్‌లో కూరగాయల సలాడ్ అడిగితే మీద ట్యూనా చేప వస్తుంది. మాంసం వద్దు అంటే సరిపోదు. పంది, చేప, ట్యూనా, రొయ్య అని ఒక్కోదాని పేరు చెప్పి వద్దనాలి. ఆ ముక్కను స్పానిష్‌లోనూ పోర్చుగీసులోనూ కాగితం మీద రాసుకుని వడ్డించేవారికి చూపించండి. గుడ్డు తింటారు కాబట్టి బంగాళదుంప ఆమ్లెట్టు ప్రతి ఊళ్ళోనూ ఆదుకుంటుంది. పద్రోన్ మిరపకాయలను నూనెలో వేయించి పైన రాతి ఉప్పు చల్లి ఇస్తారు. ఎక్కువ భాగం కమ్మగా ఉంటాయి, ఎక్కడో ఒకటి మండుతుంది, మన నాలుకకు ప్రాణం లేచివస్తుంది. సాన్ సెబాస్టియన్‌లో కౌంటరు దగ్గర నిలబడే తింటారు, ఒంటరిగా బల్ల దగ్గర కూర్చున్నామన్న ఇబ్బందే ఉండదు. స్పెయిన్‌లో రాత్రి భోజనం తొమ్మిదికి ముందు దొరకడం కష్టం. పని దినాల్లో మధ్యాహ్నం పెట్టే రోజువారీ భోజనం చవక, కడుపు నిండుతుంది, అదే ప్రధాన భోజనం చేసుకోండి. హోటళ్ళలో కుళాయి నీరు ఉచితంగా ఇవ్వాలని 2022లో చట్టం వచ్చింది, ధైర్యంగా అడగండి. ఇంటి నుంచి కందిపొడి, కారప్పొడి తెచ్చుకోవచ్చు. నెయ్యి, కోవా, పాలతో చేసిన స్వీట్లు, పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు మాత్రం వద్దు. అవి కస్టమ్స్ నిబంధనలకు విరుద్ధం.

గ్రనడాలో అల్‌హంబ్రా కోట చూడాలన్నది చిన్ననాటి కోరిక అని రాశారు. దాన్ని కాదనలేను. అయితే మాడ్రిడ్, సెవిల్ వదిలేసి, ప్రయాణం మొదట్లోనే రెండు రాత్రులకు గ్రనడా వెళ్ళి వచ్చేయండి. ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది, రాత్రులు కాస్త చల్లబడతాయి. ఏసీ ఉందని రాతపూర్వకంగా చెప్పిన గదే తీసుకోండి. టికెట్టు పేరు మీద ఇస్తారు, పాస్‌పోర్టు చూస్తారు. అందులో కోట లోపలి నస్రిద్ రాజభవనాలకు వెళ్ళాల్సిన సమయం ముద్రించి ఉంటుంది, ఆ సమయం దాటితే లోపలికి పంపరు. పొద్దున 8:30 టికెట్టు దొరికితే అదే తీసుకోండి. లేదంటే వేసవిలో రాత్రి సందర్శన ఉంటుంది, దీపాల వెలుగులో ఆ గోడల చెక్కడం చూడటం వేరే అనుభవం. రెండూ చాలా ముందే అయిపోతాయి. వీసా చేతికి రాగానే మొదట కొనవలసింది ఈ టికెట్టే.

వీసా దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. జులై ప్రయాణానికి ఫిబ్రవరి, మార్చిలోనే అపాయింట్‌మెంటు చూసుకోండి, తర్వాత దొరకవు. రుసుము 90 యూరోలు, బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. 2025 అక్టోబరులో మొదలైన కొత్త పద్ధతిలో సరిహద్దు దగ్గర వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు, లిస్బన్‌లో దిగిన రోజు వరుసలో ఎక్కువసేపు నిలబడవలసి రావచ్చు. ఆ సాయంత్రానికి ఏ టికెట్టూ కొనకండి. దరఖాస్తు మాత్రం ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటే ఆ దేశానికే చేయాలి, దిగే దేశానికి కాదు. నేను చెప్పిన దారిలో అది బహుశా స్పెయిన్ అవుతుంది, నడక దారి ఎంచుకుంటే ఖాయంగా స్పెయినే. ఊరూరికీ రాత్రుల లెక్క వేసి ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.